అమెరికా కాలేజీ అప్లికేషన్‌తో మీ కథలు, కవితలు పంపడం ఎలా

ఇంటర్ చదువుతూ అమెరికాలో డిగ్రీకి అప్లై చేసే పిల్లల్లో కథలు, కవితలు, నాటకాలు రాసేవాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉన్నారు. కన్సల్టెన్సీకి వెళ్తే ఎస్‌ఏటీ స్కోర్ అడుగుతారు, ఒలింపియాడ్ ఏమైనా రాశావా అంటారు, రోబోటిక్స్ ఉందా అంటారు, నోట్‌బుక్ నిండా రాసుకున్న కథల సంగతి మాత్రం అడగరు. ఎవరూ అడగలేదు కాబట్టి అవి ఎందుకూ పనికిరావనుకుని చాలామంది వదిలేస్తారు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఉల్టా, ఎనిమిదో తరగతి నుంచి రాసిందంతా ఒక ఫైల్‌లో కుక్కి, అడగని కాలేజీలకు కూడా పంపేస్తారు. రెండిటివల్లా నష్టమే.

నా మాట ముందే చెప్పేస్తాను. అడిగిన చోటికే పంపండి, తక్కువ పంపండి, పంపే ఆ కాసిన్ని పేజీల మీద నెలల తరబడి పని చేయండి. కింద చెప్పేదంతా ఈ పని ఎలా చేయాలో వివరంగా చెప్పడమే. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి అప్లై చేసేవాళ్ల కోసం రాస్తున్నాను, అమెరికాలోనే పుట్టి పెరిగిన మన పిల్లలకు తేడా వచ్చే చోట అది కూడా చెబుతాను.

ముందు కాలేజీ ఏమడుగుతోందో చదవండి

కథలు బయటికి తీసి దిద్దడం మొదలుపెట్టే ముందు మీ లిస్టులో ఉన్న ప్రతి కాలేజీ అడ్మిషన్స్ పేజీ తెరిచి ఈ ఏడాది రూల్ ఏమిటో చూడండి. సీనియర్ చెప్పిందీ, యూట్యూబ్‌లో విన్నదీ నిరుటిది అయి ఉంటుంది. ఈ రూల్స్ ఏటా మారతాయి, పేజీల పరిమితి మారుతుంది, ఎక్కడ అప్‌లోడ్ చేయాలో కూడా మారుతుంది.

కొన్ని కోర్సులకు రచనలు పంపడం తప్పనిసరి. న్యూయార్క్ యూనివర్సిటీలోని టిష్ స్కూల్‌లో డ్రమాటిక్ రైటింగ్ చదవాలన్నా, లాస్ ఏంజెలెస్‌లో యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ) సినిమాటిక్ ఆర్ట్స్ స్కూల్‌లో సినిమా, టీవీ రచన చదవాలన్నా, బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో రైటింగ్ డిగ్రీ చేయాలన్నా పోర్ట్‌ఫోలియో, అంటే ఎంచి పంపే మీ రచనలు, లేకుండా అప్లికేషన్ పూర్తికాదు. ఇలాంటి చోట్ల మార్కుల పక్కన మీ రచన కూడా నిలబడుతుంది, చాలాసార్లు దాని బరువే ఎక్కువ. యూఎస్‌సీ అయితే పాత కథలతో సరిపెట్టుకోదు, తను ఇచ్చిన ప్రాంప్ట్‌లకు, అంటే అంశాలకు, కొత్తగా రాయమంటుంది. అంటే దానికి విడిగా టైమ్ పెట్టుకోవాలి, చివరి వారంలో అయ్యే పని కాదు.

రెండో రకం, ఇష్టమైతే పంపొచ్చు అనేవి. ప్రిన్స్‌టన్‌లో ఆర్ట్స్ సప్లిమెంట్ అని ఒకటుంది. సంగీతం, నాట్యం, చిత్రకళతో పాటు క్రియేటివ్ రైటింగ్ కూడా అందులో ఉంది. మీరు అక్కడ ఇంగ్లిష్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) చేయకపోయినా, ఫిజిక్స్ చదవబోతున్నా పంపొచ్చు. తప్పనిసరి కాదు కాబట్టి పంపనివాళ్లకు నష్టమేమీ లేదు.

చాలామంది పొరపడేది మూడో రకం దగ్గర. అదే ప్రిన్స్‌టన్ దరఖాస్తుదారులందరినీ ఒక గ్రేడెడ్ పేపర్ కూడా అడుగుతుంది. అంటే ఇంగ్లిష్ క్లాసుకో, హిస్టరీ, సోషల్ క్లాసుకో రాసిన ఒకటి రెండు పేజీల వ్యాసం, టీచర్ వేసిన మార్కుతో, వీలైతే టీచర్ రాసిన కామెంట్లతో సహా. ఇక్కడ కథ, కవిత పెట్టకూడదు, ల్యాబ్ రిపోర్ట్ పెట్టకూడదు, వాదన నడిపించే వ్యాసమే ఉండాలి. ఆమ్హర్‌స్ట్ కాలేజీ కూడా సప్లిమెంట్ వ్యాసానికి (కాలేజీ తన తరఫున అదనంగా అడిగే వ్యాసానికి) బదులు ఇలాంటి క్లాస్ పేపర్ పంపే వీలు ఇస్తూ వచ్చింది. మన దగ్గర దీనితో చిక్కేమిటంటే, ఇంటర్ కాలేజీల్లో వ్యాసం రాయించి, దిద్ది, పక్కన నాలుగు మాటలు రాసి ఇచ్చే అలవాటే చాలా తక్కువ. పరీక్ష ఆన్సర్ షీట్ దీనికి పనికిరాదు. కాబట్టి ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగానే మీ ఇంగ్లిష్ లెక్చరర్ దగ్గరికి వెళ్లి, సిలబస్‌లో ఉన్న ఒక పాఠం మీద అసైన్‌మెంట్‌గా వ్యాసం రాస్తాను, దయచేసి మామూలుగా దిద్దినట్టే దిద్ది మార్కు వేయండి సార్ అని అడగండి. దిద్దిన పేపర్‌ను ఆ ఎర్ర గీతలతోనే స్కాన్ చేసి దాచుకోండి. తర్వాత శుభ్రంగా టైప్ చేసి గీతలు లేని కాపీ పంపితే ఆ పేపర్ అడగడంలో ఉన్న ఉద్దేశమే పోతుంది.

ఇక తీసుకోని చోట్లు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు, అంటే బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్‌డియాగో వగైరా, అన్నిటికీ ఒకే అప్లికేషన్. అందులో 8 ప్రశ్నల్లో 4 ఎంచుకుని ఒక్కోదానికి 350 పదాలు మించకుండా జవాబు రాయాలి, అంతే. విడిగా అదనపు అప్లికేషన్ అడిగే కొన్ని ఆర్ట్స్ కోర్సులు తప్ప, కథ అటాచ్ చేసే చోటే ఉండదు. అక్కడి ఆఫీసుకు మెయిల్‌లోనో, కొరియర్‌లోనో కవితలు పంపినా అవి మీ ఫైల్‌లోకి చేరవు. రచయితగా మీ సంగతి చెప్పాలంటే ఆ నాలుగు జవాబుల్లోనే చెప్పాలి.

ఇంకో సంగతి. క్రియేటివ్ రైటింగ్ మేజర్ ఉన్న ప్రతి కాలేజీ శాంపిల్, అంటే మీ రచన నమూనా, అడుగుతుందని అనుకోవద్దు. చాలా చోట్ల ముందు మామూలుగా చేరతారు, ఒకటి రెండు వర్క్‌షాప్ కోర్సులు (ఒకరి రచన ఒకరు చదివి చర్చించే క్లాసులు) చేశాక ఆ మేజర్ తీసుకుంటారు. అయోవా రైటర్స్ వర్క్‌షాప్ పేరు విని, దానికి పంపాల్సిన పేజీల లెక్క చూసి భయపడే పిల్లలున్నారు. 1936లో మొదలైన ఆ వర్క్‌షాప్ పీజీ కోర్సు, ఇంటర్ తర్వాత చేరేది కాదు. గూగుల్‌లో దొరికే రైటింగ్ శాంపిల్ సలహాల్లో సగం ఎంఎఫ్ఏకి, అంటే రచనలో పీజీ డిగ్రీకి, అప్లై చేసేవాళ్ల కోసం రాసినవే, చదివే ముందు అది ఎవరి కోసం రాసిందో చూసుకోండి.

ఇదంతా చదివాక ఒక షీట్‌లో ఎక్కించండి: కాలేజీ పేరు, తప్పనిసరా, ఇష్టమా, వద్దా, ఏ ప్రక్రియ, ఎన్ని పేజీలు, ఏ పోర్టల్, గడువు, ఫీజు. ఈ షీట్ లేకుండా ముందుకెళ్తే అక్టోబర్‌లో గందరగోళం తప్పదు.

పంపాలా వద్దా

తప్పనిసరి అయిన చోట ఈ ప్రశ్నే లేదు. ఇష్టమైతే పంపమన్న చోట మాత్రం నిజాయితీగా ఆలోచించాలి. అప్లికేషన్ చదివేవాళ్ల ముందు రోజూ బోలెడన్ని ఫైళ్లుంటాయి, అదనంగా మీరు ఇచ్చే ప్రతి పేజీ వాళ్ల టైమ్ తీసుకుంటుంది. కథ బాగుంటే గుర్తుండిపోతారు. ఒక మాదిరిగా ఉంటే, అప్పటిదాకా మిగతా కాగితాల్లో బాగా కనిపించిన మీరు కొంచెం పల్చబడతారు. పైగా ఆర్ట్స్ సప్లిమెంట్ లాంటివి ఆ విభాగం అధ్యాపకులు చూస్తారు, అంటే రోజూ విద్యార్థుల కథలు చదివే మనుషులు. మొదటి పేజీలోనే వాళ్లకు సంగతి తెలిసిపోతుంది.

మరి మీ రచన ఎలా ఉందో ఎలా తెలుసుకోవాలి? అమ్మానాన్నలను అడక్కండి, వాళ్లకు మీ ప్రతి వాక్యం ముద్దొస్తుంది. మీ కజిన్స్‌నీ అడక్కండి. బాగా చదివే అలవాటు ఉండి, మీకు అంత దగ్గరకాని ఇద్దరిని పట్టుకోండి. లైబ్రరీలో పరిచయమైన ఆవిడ కావచ్చు, వేరే సెక్షన్ లెక్చరర్ కావచ్చు. కథ ఇచ్చి ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుందమ్మా’ అనే జవాబే వస్తుంది. అందుకని ‘చదువుతూ ఎక్కడ ఆపాలనిపించిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి’ అని అడగండి. ఇద్దరూ ఒకే చోట గీత పెట్టారంటే ఆ చోటు నిజంగానే బాగాలేదు. గీత లేకుండా చివరిదాకా చదివి, మర్నాడు ఆ పాత్ర గురించి వాళ్లే మాట్లాడితే, పంపండి.

దిద్దడానికి టైమ్ లేకపోతే ఈ ఏడాది ఇష్టమైతే అన్న చోట పంపకపోవడమే మేలు. అది ఓటమేమీ కాదు, కాలేజీలో చేరాక వర్క్‌షాప్ క్లాసులో ఆ కథకు ఇంతకంటే మంచి చోటు దొరుకుతుంది.

ఏది ఎంచుకోవాలి

పదిహేను పేజీలు అనుమతించారు కదా అని పదిహేనూ నింపనక్కర్లేదు. ఎనిమిది గట్టి పేజీలు, పదిహేను పేజీల నీళ్లకంటే మేలు. ఒక కథ, లేదా నాలుగైదు కవితలు, లేదా నాటకంలో ఒక పూర్తి రంగం. కథ, కవిత రెండూ పంపొచ్చన్నా, రెండూ సమానంగా వస్తేనే పంపండి, నాకన్నీ వచ్చు అని చూపించడానికి మాత్రం వద్దు.

నవల రాస్తున్నవాళ్లకు ఒక మాట. తొలి అధ్యాయం పంపాలని అందరికీ అనిపిస్తుంది, కానీ చాలా నవలల్లో తొలి అధ్యాయమే బలహీనం, పాత్రల పరిచయాలతో, ఆ ఊరి వర్ణనతో గడిచిపోతుంది. మధ్యలోంచి, తనంతట తాను నిలబడే భాగం తీసి, పైన రెండు వాక్యాల్లో ఎవరు ఎవరో చెప్పండి. ఆ రెండు వాక్యాలు పేరా అయ్యాయంటే అది సరైన భాగం కాదు.

విషయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మన పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం చదివిన పిల్ల కథ రాస్తే పాత్రల పేర్లు ఎమిలీ, జాక్ ఉంటాయి, బయట మంచు కురుస్తుంటుంది, ఎందుకంటే ఆ పిల్ల చదివిన పుస్తకాలన్నీ అలాంటివే. చదివే అధ్యాపకుడికి ఆ మంచు ఆమె చూసింది కాదని రెండో పేరాలోనే తెలుస్తుంది. దీన్నుంచి తప్పించుకోబోయి కొందరు ఇంకో వైపు పడతారు: అమ్మమ్మ, ఆవకాయ జాడీ, వేసవి సెలవుల్లో పల్లెటూరు. అమెరికాలో పెరిగిన మన పిల్లల కథల్లో అయితే స్కూల్ లంచ్ బాక్స్ వాసన చూసి తోటి పిల్లలు ముక్కు మూసుకోవడం. ఇవి నిజంగా జరిగినవే, కాదనను. కానీ వందల మంది రాసేసిన దారి అది, చదివేవాళ్లకు తర్వాతి వాక్యం ముందే తెలుసు.

మీకు మాత్రమే దగ్గర నుంచి తెలిసిన చోటు వెతకండి. రెసిడెన్షియల్ కాలేజీలో రాత్రి స్టడీ అవర్ ఎలా నడుస్తుందో, ఆదివారం ఔటింగ్‌కి పేరెంట్ రాని అమ్మాయి ఆ మూడు గంటలు ఏం చేస్తుందో, వీక్లీ టెస్ట్ ర్యాంకుతో సెక్షన్ మారిపోయిన కుర్రాడు పాత సెక్షన్ స్నేహితుడి పక్క నుంచి ఎలా నడిచి వెళ్తాడో, ఇవి రాయగలిగినవాళ్లు ప్రపంచంలో మన దగ్గరే ఉన్నారు. టెక్సస్‌లో పెరిగిన మన కుర్రాడు అయితే, గుడి పార్కింగ్‌లో వలంటీర్ చొక్కా వేసుకుని కార్లకు దారి చూపిస్తూ, తనను స్కూల్లో పలకరించని క్లాస్‌మేట్ నాన్న కారును ఆపాల్సి వచ్చిన సాయంత్రం గురించి రాయొచ్చు. ఇలాంటివాటికి వర్ణనలు అద్దక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చూసి రాస్తే చాలు.

తెలుగు మాటలు వస్తే రానివ్వండి. పిన్ని, బావ, బాబాయ్ అని పిలిచేవాళ్లను అలాగే పిలవండి. ప్రతి మాటకూ పక్కన అర్థం చెప్పడం, చివర పట్టిక ఇవ్వడం వద్దు. సందర్భం సరిగ్గా రాస్తే చదివేవాళ్లకు అర్థమవుతుంది, ఒకటి రెండు అర్థం కాకపోయినా కథ ఆగదు.

హింస, ఆత్మహత్య, తీవ్రమైన దిగులు ఉన్న కథల విషయంలో ఒక జాగ్రత్త. ఆ అంశాలు రాయకూడదని కాదు. కానీ చదివేది ఒక విద్యాసంస్థ, అది మీ సొంత స్థితి అనుకుంటే ఆందోళన పడి ఆరా తీసే అవకాశముంది. అది కల్పన అని ఫైల్ మొదటి పేజీలోనే స్పష్టంగా కనిపించాలి. ఒకవేళ అది నిజంగా మీ కథే అయితే, పంపడానికి ముందు మీరు నమ్మే పెద్దవాళ్లతో మాట్లాడండి, అప్లికేషన్ సంగతి తర్వాత.

తెలుగులో రాసేవాళ్లు ఏం చేయాలి

ఇది నాకు మనసుకు దగ్గరి విషయం. ప్రతిలిపిలోనో, వారపత్రికల్లోనో తెలుగులో రాసే పిల్లలు ఇంగ్లిష్ అప్లికేషన్ దగ్గరికి వచ్చేసరికి తమను రచయితల్లోనే లెక్కేసుకోరు. లెక్కేసుకోండి.

ఆ కథను మీరే ఇంగ్లిష్‌లోకి తేవచ్చు. పైన ‘తెలుగులో నేనే రాసిన కథకు నా అనువాదం’ అన్న అర్థం వచ్చే ఒక లైన్ పెట్టండి. వాక్యం వెంట వాక్యం మార్చుకుంటూ పోతే చదవడానికి బండగా ఉంటుంది, కాబట్టి కథను ఒకసారి పూర్తిగా చదివి, కాగితం పక్కన పెట్టి, అదే కథను ఇంగ్లిష్‌లో మళ్లీ చెప్పండి. సంభాషణలు ఎక్కువ జాగ్రత్తగా చూడాలి, తెలంగాణ యాసలో మాట్లాడే పాత్ర ఇంగ్లిష్‌లో టీవీ యాంకర్‌లా మాట్లాడకూడదు, అలాగని తప్పుల ఇంగ్లిష్ మాట్లాడి నవ్వులపాలూ కాకూడదు. చిన్న వాక్యాలు, పాత్ర తరచూ వాడే ఊతపదం, మాట మధ్యలో ఆగే తీరు, వీటితో ఆ మనిషిని పట్టుకోవచ్చు. వేరేవాళ్లు అనువాదం చేసి ఉంటే వాళ్ల పేరు తప్పక చెప్పాలి, అప్పుడు అది మీ ఇంగ్లిష్‌కు నమూనా కాదన్నది కూడా గుర్తుంచుకోండి. పేజీల పరిమితి ఒప్పుకుంటే తెలుగు మూలం ఒక పేజీ చివర జతచేయండి, అక్షరాలు విరగకుండా పీడీఎఫ్‌లో సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని.

ఆటవెలది, తేటగీతి రాసేవాళ్లుంటారు, అవధానం నేర్చుకుంటున్న పిల్లలున్నారు. ఛందస్సులో ఉన్న పద్యం ఇంగ్లిష్‌లోకి వస్తే యతి ప్రాసలు పోయి భావం ఒక్కటే మిగులుతుంది, అది చదివి మీ నైపుణ్యాన్ని ఎవరూ అంచనా వేయలేరు. దాన్ని శాంపిల్‌గా పంపడం కంటే, పద్యం కట్టేటప్పుడు మీ బుర్ర ఎలా పనిచేస్తుందో అప్లికేషన్‌లో మీ గురించి రాసే ప్రధాన వ్యాసంలో రాయండి. గణాలు సరిపోయి యతి కుదరక మాట మార్చాల్సి వచ్చిన ఒక్క పాదం తీసుకుని, దాని వెంట నడిచినా చాలు, మంచి వ్యాసమవుతుంది.

దిద్దడం

చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం, కామన్ యాప్, ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఎర్లీ (ముందస్తు) గడువులు ఎక్కువగా నవంబర్ 1, నవంబర్ 15, మామూలు గడువులు చాలావరకు జనవరి మొదటి రోజులు. ఆర్ట్స్ కోర్సులు కొన్ని దీనికంటే ముందే ముగిస్తాయి. వెనక్కి లెక్కేస్తే, ఇంటర్ సెకండియర్‌కి ముందు వచ్చే ఎండాకాలంలోనే కథ ఎంచుకుని ఉండాలి. సెకండియర్ మొదలయ్యాక రోజుకు పన్నెండు గంటల క్లాసుల మధ్య కథ మీద ధ్యాస కుదరదు, అది మీకూ తెలుసు.

మొదటి ప్రతి పూర్తయ్యాక రెండు మూడు వారాలు ముట్టుకోకండి. తర్వాత ప్రింట్ తీసి గట్టిగా చదవండి. నాలుక తడబడిన చోటల్లా వాక్యం సరిగ్గా లేదని గుర్తు. మొదటి పేరా తీసేసి చూడండి. చాలా కథలు రెండో పేరాలోనే మొదలవుతాయి, మొదటిది రాసేవాళ్లు కథలోకి రావడానికి రాసుకున్నది. చివరి పేరా కూడా అలాగే, కథ చెప్పేసిన సంగతిని మళ్లీ నీతిగా చెబుతుంటే కొట్టేయండి. పాత్ర ఏడ్చింది, బాధపడింది, గుండె బరువెక్కింది అని రాసిన చోట, ఆ క్షణంలో ఆ మనిషి చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. విశేషణాలు సగానికి తగ్గించండి. ఇంగ్లిష్ పెద్ద మాటల మోజు మన దగ్గర ఎక్కువ, జీఆర్ఈ పదాల లిస్టులోంచి తెచ్చి పెట్టిన మాట కథలో దూరం నుంచే కనిపిస్తుంది.

స్పెల్లింగ్ బ్రిటిష్ పద్ధతిలో ఉన్నా అమెరికన్ పద్ధతిలో ఉన్నా ఫర్వాలేదు, మొత్తం ఒకటే ఉండాలి.

ఇక పరాయి చేతుల సంగతి. ఎస్ఓపీ (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పే వ్యాసం) రాసిపెట్టడం మన ఊళ్లలో మామూలు వ్యాపారమైపోయింది, కొందరు కథలు కూడా ‘పాలిష్’ చేస్తామంటారు. వద్దు. అప్లికేషన్‌లో ఇది నా సొంత పని అని సంతకం పెడతారు. ఏఐ రాసిన దాన్ని సొంతంగా చూపించడాన్ని కూడా మోసం కిందే లెక్కేస్తామని 2023లో కామన్ యాప్ తన నిబంధనల్లో చేర్చింది. దొరికితే సీటు పోతుంది, చేరాక బయటపడినా పోవచ్చు. దొరకకపోయినా, ఆ వ్యాసంలో ఒక గొంతు, ఈ కథలో ఇంకో గొంతు ఉంటే చదివేవాళ్లకు అనుమానం వస్తుంది, అనుమానమొస్తే ఎవరూ ఫోన్ చేసి అడగరు, పక్కన పెట్టేస్తారు. టీచర్ ‘కథ ఇక్కడ నెమ్మదించింది, ఇక్కడ అర్థం కాలేదు’ అని చెప్పడం సహాయం. టీచర్ ఆ వాక్యం తిరగరాసి ఇస్తే అది టీచర్ వాక్యం.

ఫైల్ తయారుచేయడం

కాలేజీ చెప్పిన ఫార్మాట్ ఉంటే అదే వేదం. చెప్పకపోతే కథకు టైమ్స్ న్యూ రోమన్ 12 పాయింట్, డబుల్ స్పేసింగ్, నాలుగు వైపులా అంగుళం మార్జిన్. ఇలా అయితే పేజీకి 250 నుంచి 300 పదాలు పడతాయి. కవితలకు సింగిల్ స్పేసింగ్, ఒక్కో కవిత కొత్త పేజీలో. స్క్రీన్‌ప్లే అయితే కొరియర్ 12, స్క్రీన్‌ప్లే ఫార్మాట్‌లో, అందులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం. అక్షరాలు చిన్నవి చేసి, మార్జిన్ తగ్గించి ఎక్కువ పేజీలు ఇరికించడం వాళ్లకు వెంటనే కనిపిస్తుంది.

పేపర్ సైజు మన దగ్గర ఏ4, అక్కడ లెటర్, అంటే 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు. గూగుల్ డాక్స్‌లో పేజీ సెటప్‌లోకి వెళ్లి ముందే లెటర్ పెట్టుకోండి, చివర్లో మారిస్తే పేజీలు కదిలి, కవితల పంక్తులు విరిగిపోతాయి. పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఫోన్‌లో ఒకసారి, వేరేవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఒకసారి తెరిచి చూడండి. ప్రతి పేజీ మీద పేరు, పేజీ నంబర్ ఉండాలి, పేరు వద్దని చెప్పిన చోట తీసేయాలి. ఫైల్ పేరులో మీ పేరు, కాలేజీ, రచన పేరు ఉంటే చాలు, ఫైనల్, ఫైనల్2, న్యూ ఫైనల్ లాంటివి అవతలివాళ్లకు కనిపించనివ్వకండి. బొమ్మలు, రంగు బోర్డర్లు, దేవుడి ఫొటోతో కవర్ పేజీ అక్కర్లేదు.

గూగుల్ డ్రైవ్ లింకు పెట్టడం తేలిక అనిపిస్తుంది కానీ, పర్మిషన్ సరిగ్గా లేకపోతే అవతల తెరుచుకోదు, పర్మిషన్ ఇచ్చినా చాలామంది లింకులు నొక్కరు.

అప్‌లోడ్, పేరు, కార్డు

చాలా కాలేజీలు పోర్ట్‌ఫోలియోకి స్లైడ్‌రూమ్ అనే సైట్ వాడతాయి, కొన్ని సొంత పోర్టల్‌లో తీసుకుంటాయి. కొన్నిచోట్ల ముందు ప్రధాన అప్లికేషన్ పంపితేనే పోర్టల్ లాగిన్ వస్తుంది, అది రావడానికి రోజులు పట్టొచ్చు. కాబట్టి గడువు రోజు రాత్రి అప్లికేషన్ పంపి, ఆ తర్వాత శాంపిల్ పెడదామంటే కుదరకపోవచ్చు. కామన్ యాప్ గడువు మీ ఊరి టైమ్ ప్రకారం రాత్రి 11:59 అని చూపిస్తుంది, స్లైడ్‌రూమ్‌లోనూ కాలేజీ పోర్టల్‌లోనూ అదే ఉంటుందన్న గ్యారంటీ లేదు, అక్కడ రాసి ఉన్న టైమ్ జోన్ చదవండి.

పేరు దగ్గర మనవాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో చివర, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. శాంపిల్‌ను మీ అప్లికేషన్‌తో కలిపేది పేరు, పుట్టినతేదీ, ఈమెయిల్ చూసే. ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా రాస్తే మీ కథ ఎవరికీ చెందని ఫైల్‌గా మిగిలిపోతుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు అన్ని చోట్లా ఒకేలా రాయండి, ఒకే ఈమెయిల్ వాడండి, కన్సల్టెన్సీ వాళ్ల ఈమెయిల్ అసలే వద్దు.

స్లైడ్‌రూమ్‌కి చాలావరకు విడిగా డాలర్లలో ఫీజు ఉంటుంది. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం కొత్త కార్డులు దేశం లోపల వాడకానికే తెరిచి వస్తాయి, విదేశీ చెల్లింపు మనమే బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసుకోవాలి. గడువుకు వారం ముందే నాన్నగారి కార్డులో అది ఆన్ చేయించండి, లిమిట్ కూడా చూడండి. ఫీజు భారమైతే మినహాయింపు ఉందేమో అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ రాసి అడగండి. అడగడంలో నామోషీ లేదు, అడిగినందుకు అప్లికేషన్‌ను తక్కువగా చూడరు.

మిగతా అప్లికేషన్‌లో రచయితగా కనిపించడం

శాంపిల్ పంపే వీలు లేని కాలేజీల్లో ఇదే మీకున్న దారి, వీలున్న చోట కూడా దీనివల్ల మీ కథకు బలం వస్తుంది. కామన్ యాప్‌లో 10 యాక్టివిటీలు రాయొచ్చు, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. ‘కథలు రాయడమంటే నాకు ప్రాణం’ అని అక్షరాలు ఖర్చు పెట్టకండి. ఏ పత్రికలో ఎన్ని కథలు వచ్చాయి, స్కూల్ మ్యాగజైన్‌లో ఏ పని చేశారు, ఊరి లైబ్రరీలో పిల్లలకు కథలు చెప్పారా, వారానికి ఎన్ని గంటలు, ఇవి చెప్పండి.

పోటీల్లో మన దేశం నుంచి పాల్గొనగలిగింది ఒకటి చెబుతాను. రాయల్ కామన్వెల్త్ సొసైటీ 1883 నుంచి నడిపిస్తున్న క్వీన్స్ కామన్వెల్త్ ఎస్సే కాంపిటిషన్, 18 ఏళ్ల వరకు రాయొచ్చు, ఫీజు లేదు, వ్యాసమే కాదు కథ, కవిత కూడా తీసుకుంటారు. 1923 నుంచి ఉన్న స్కొలాస్టిక్ ఆర్ట్ అండ్ రైటింగ్ అవార్డ్స్ అమెరికా, కెనడాల్లో 7 నుంచి 12 తరగతులు చదివేవాళ్లకు. ఎడిసన్‌లో, ఫ్రిస్కోలో ఉన్న మన పిల్లలు తప్పక ప్రయత్నించాలి, హైదరాబాద్ పిల్లలు దాని కోసం టైమ్ పెట్టనక్కర్లేదు. డబ్బు కడితే మీ కవిత అచ్చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంకలనాల జోలికి మాత్రం వెళ్లకండి, అడ్మిషన్స్‌లో దానికి విలువ లేదు.

ప్రధాన వ్యాసం 250 నుంచి 650 పదాలు. అది మీ గురించి, నిజం. కథ కల్పన. ఒకే సంఘటనను రెండిట్లోనూ వాడకండి. కథలో అమ్మమ్మ చనిపోయి, వ్యాసంలో అదే అమ్మమ్మ బతికి ఉంటే చదివేవాళ్లు తికమకపడతారు.

మీ రాత తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే, రచనా శిబిరం నడిపిన ఆవిడో, మీ కథ వేసుకున్న సంపాదకుడో, అదనపు సిఫారసు లేఖ తీసుకునే కాలేజీలకు వాళ్లను అడగండి. పేరున్న రచయిత అయ్యుండి మీ ఒక్క కథ కూడా చదవనివాళ్ల కంటే, మీతో ఐదుసార్లు తిరగరాయించిన మామూలు టీచర్ లేఖ ఎంతో విలువైనది. తిరగరాస్తారా లేదా అన్నదే కాలేజీలవాళ్లకు తెలుసుకోవాలని ఉంటుంది.

పంపాక

పోర్టల్‌లో ‘అందింది’ అని కనిపించేదాకా పని అయిపోలేదు. పంపిన వారానికి లాగిన్ అయి చూడండి, కన్ఫర్మేషన్ మెయిల్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. కనపడకపోతే పేరు, పుట్టినతేదీ, పంపిన తేదీ రాసి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. పంపాక ఒక అచ్చుతప్పు కనిపించిందని కొత్త ఫైల్ పంపుతామని అడక్కండి, ఒక అచ్చుతప్పు వల్ల సీటు పోదు.

ఎర్లీలో డిఫర్ అయితే, అంటే నిర్ణయం మామూలు గడువు వాళ్లతో కలిపి తర్వాత చెబుతామంటే, కాలేజీ అదనపు సమాచారం తీసుకుంటానని చెప్పిన చోట, ఈ మధ్యలో కథ ఎక్కడైనా అచ్చయితే, ఏదైనా పోటీలో వస్తే ఆ సంగతి ఒక చిన్న ఉత్తరంలో చెప్పొచ్చు. కొత్త కథ మాత్రం వాళ్లు అడిగితేనే పంపండి. వెయిట్‌లిస్ట్‌లో (సీటు ఖాళీ అయితే పిలుస్తామనే జాబితాలో) కూడా ఇదే పద్ధతి, వాళ్లిచ్చిన ఫారంలో ఎంత చోటుంటే అంతే. ఏ కాలేజీకి ఏ ఫైల్ పంపారో ఆ ఫైల్ అలాగే వేరే ఫోల్డర్‌లో ఉంచుకోండి. చేరాక మొదటి సెమిస్టర్ వర్క్‌షాప్‌కు కూడా చాలా చోట్ల శాంపిల్ అడుగుతారు, అప్పుడు దిద్దడం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.